అమ్మడికి అమ్మమ్మ ఉత్తరం

తెనాలి



ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది, మీ నాన్న బీపీ మాత్రలు వేళకు వేసుకుంటున్నాడు. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన పొడవాటి మెసేజ్ మీ అమ్మ చదివి వినిపించింది, తర్వాత ఫోను తీసుకుని అక్షరాలు పెద్దవి చేసుకుని నేనే ఇంకోసారి చదువుకున్నాను. ఫోనులో జవాబు చెబుదామంటే నేను నోరు తెరిచేలోపు మీ అమ్మ ‘తిన్నావా, స్వెట్టరు వేసుకున్నావా’ అని అందుకుంటుంది, అవతల నీకు డ్యూటీ వేళ అయిపోతుంది, అందుకని తీరిగ్గా కూర్చుని కాగితం మీదే రాస్తున్నాను, మీ తమ్ముడు ఫోటోలు తీసి పంపుతానన్నాడు.

విజయవాడలో రాత్రి షిఫ్టంతా ఐసీయూ నీ చేతుల మీద నడిపినదానివి, బర్మింగ్‌హామ్ వెళ్లాక ఓస్కీ అనే నర్సుల ప్రాక్టికల్ పరీక్ష పాసై రిజిస్ట్రేషన్ వచ్చేదాకా బ్యాండ్ ఫోర్ అనే కింది గ్రేడులోనే ఉండాలన్నారనీ, నిన్నగాక మొన్న చేరిన పిల్ల ‘ఇది నీ పని కాదు, పక్కకు జరుగు’ అన్నదనీ, ఆ రాత్రి ఏడుపొచ్చిందనీ రాశావు. హ్యాండ్స్‌వర్త్ పేటలో చవగ్గా మంచి గది దొరికితే మనవాళ్లే వద్దన్నారనీ, అక్కడ నల్లవాళ్లు ఎక్కువ, రాత్రిపూట ఆడపిల్ల తిరిగే చోటు కాదన్నారనీ రాశావు. ఇంకొకటీ రాశావు, చివర్లో, పెద్ద విషయం కానట్టు. బస్‌స్టాపులో నువ్వు పలచటి స్వెట్టరుతో వణుకుతూ నిలబడితే చూసి, మర్నాడు మీ వార్డు సిస్టరమ్మ తన కూతురి పాత కోటు ఉతికి, ఇస్త్రీ చేసి, సంచిలో పెట్టి తెచ్చి, ‘సరిపోకపోతే చెప్పు, ఇంకోటుంది’ అని నీ చేతిలో పెట్టి వెళ్లిపోయిందని. వాళ్లమ్మ బార్బడోస్ నుంచి నర్సు ట్రైనింగుకని ఇంగ్లండు వచ్చిందట. అంతే రాశావు ఆవిడ గురించి. ఆ ముక్క దగ్గరే నేను ఆగిపోయాను తల్లీ. ఆ బ్యాండూ, ఆ గదీ, ఆ కోటూ వేరువేరు సంగతులనుకుంటున్నావు నువ్వు. నాకు మూడూ ఒకే సంగతిగా కనిపించాయి, అది నీకు వివరంగా చెప్పాలనే ఈ ఉత్తరం.

వెస్టిండీస్ అంటే మన ఇంట్లో ముందు గుర్తొచ్చేది క్రికెట్టే. 1975 జనవరిలో మద్రాసు టెస్టు జరుగుతుంటే మీ తాతయ్య ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని కూర్చుని, ఆండీ రాబర్ట్స్ బంతులకు అవతలి వికెట్లు వరసగా పడిపోయి మన విశ్వనాథ్ ఒక్కడే 97 దగ్గర నాటౌట్‌గా మిగిలిపోయాడని ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. వెస్టిండీస్ అనేది ఒక దేశం కాదని నేను మొదట విన్నది ఆయన దగ్గరే, లాయిడ్‌దీ కాళీచరణ్‌దీ గయానా, రిచర్డ్స్‌దీ రాబర్ట్స్‌దీ ఆంటిగ్వా, ఇంకొకరిది బార్బడోస్, ఇన్ని చిన్నచిన్న చోట్లు కలిసి ఒక జట్టు కట్టాయని. ఆ జనంలో ఎక్కువమంది, చెరకు తోటల్లో చాకిరీకి ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషుల సంతానం. 1830ల్లో బానిసత్వం రద్దయ్యాక ఆ తోటలకే మన దేశం నుంచి కూలీలను ఓడలెక్కించారు, మద్రాసు రేవులో ఎక్కినవాళ్లలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. కాబట్టి వాళ్లు మనకు మరీ పరాయివాళ్లేమీ కాదు.

తర్వాత నాకు ఆ దీవుల పరిచయం పాఠం ద్వారా కలిగింది. నేను కాలేజీలో ఉన్నన్నాళ్లూ ఎం.ఏ. ఎకనామిక్స్ పిల్లలకు ఏటా ఆర్థర్ లూయిస్ సిద్ధాంతం చెప్పేదాన్ని. పల్లెలో పొలం మీద అవసరానికి మించి మనుషులుంటారని, వాళ్లు కొంచెం ఎక్కువ కూలి దొరికితే చాలు పట్నానికి కదులుతారని, ఆ కదలికతోనే పరిశ్రమ పెరుగుతుందని ఆయన 1954లో రాశాడు. బ్యాంకాక్‌లో రోడ్డు మీద నడుస్తుంటే ఆ ఆలోచన తట్టిందట. ఆ సిద్ధాంతం మంచిచెడ్డల మీద క్లాసులో ఎంత చర్చ జరిగినా జరగనీ, బోర్డు మీద రేఖ గీసే ముందు మాత్రం నేను తప్పకుండా ఆయన తల్లి సంగతి చెప్పేదాన్ని. సెయింట్ లూషియా అనే చిటికెడు దీవిలో 1915లో పుట్టాడు. తల్లీదండ్రీ ఇద్దరూ టీచర్లు, ఆంటిగ్వా నుంచి వలస వచ్చినవాళ్లు. పిల్లాడికి ఏడేళ్లప్పుడు జబ్బు చేసి బడికి పోలేకపోతే తండ్రి ఇంట్లోనే రోజూ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు, ఎంత చెప్పాడంటే తిరిగి బడికి వెళ్లేసరికి రెండు క్లాసులు దాటించి కూర్చోబెట్టారు. ఆ తండ్రి కొన్నాళ్లకే పోయాడు. ఐదుగురు మగపిల్లల్ని ఆవిడ ఒంటి చేత్తో పెంచింది. లూయిస్ పద్నాలుగేళ్లకే హైస్కూలు చదువు పూర్తిచేసి, స్కాలర్‌షిప్ పరీక్షకు వయసు చాలక, సర్కారు ఆఫీసులో గుమాస్తాగా కూర్చున్నాడు. 1932లో ఆ స్కాలర్‌షిప్ నెగ్గాడు. ఇంజనీరు కావాలని కోరిక, కానీ నల్ల ఇంజనీరుకు ఆ దీవిలో సర్కారూ ఉద్యోగమివ్వదు, తెల్లవాళ్ల కంపెనీలూ ఇవ్వవు, అందుకని ఆ కోరిక చంపుకుని లండన్‌లో కామర్స్ చదివాడు. 1948లో మాంచెస్టర్‌లో ప్రొఫెసరయ్యాడు, బ్రిటన్ యూనివర్సిటీల్లో ఆ పదవిలో కూర్చున్న మొదటి నల్లజాతి మనిషి ఆయనే. 1979లో నోబెల్ వచ్చింది. మాంచెస్టర్‌లో ఉన్నప్పుడు మోస్ సైడ్ పేటలో తనలాగే దీవుల నుంచి వచ్చిన కార్మికుల కోసం సాయంత్రం చదువులకీ నలుగురూ కలుసుకోవడానికీ కేంద్రాలు పెట్టించాడు. నోబెల్ కంటే నాకు అదే ఎక్కువ నచ్చుతుంది.

ఆ రోజుల్లో ఆ దీవుల్లో పేదింటి పిల్లలు పైకి రావడానికి దారి ఆ ఒక్క పరీక్షే. దీవి మొత్తం మీద ఏడాదికి ఒకరో ఇద్దరో నెగ్గి, సర్కారు ఖర్చుతో ఇంగ్లండుకు పోయి డాక్టరో ప్లీడరో అయ్యేవాళ్లు. ట్రినిడాడ్‌లో పోస్టాఫీసు చిరుద్యోగి కొడుకు ఎరిక్ విలియమ్స్ అలా ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, తర్వాత ఆ దేశానికే తొలి ప్రధానమంత్రి అయ్యాడు. గ్రెనడా నుంచి డేవిడ్ పిట్ అలాగే ఎడిన్‌బరో వెళ్లి డాక్టరయ్యాడు, 1985లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్‌కు అధ్యక్షుడయ్యాడు. పుస్తకాల్లో మిగిలేవి ఇలా నెగ్గినవాళ్ల పేర్లే. ఒకటి రెండు మార్కుల్లో తప్పిపోయినవాడు ఆ దీవిలోనే బడిపంతులుగా ఉండిపోయి, తర్వాతి ఏటి పిల్లల్ని రాత్రిళ్లు దీపం ముందు కూర్చోబెట్టి చదివించి ఉంటాడు, నా మనసు ఎప్పుడూ వాడి దగ్గరికే పోతుంది. నిన్ను లెక్కల్లో నిలబెట్టిన మీ ఎలిమెంటరీ స్కూలు మాస్టారు ఈ మధ్య బజారులో కనబడి నువ్వెక్కడున్నావని అడిగారు, చెబితే ఆయన ముఖం ఎంత వెలిగిందో నువ్వు చూడాల్సింది.

చదువు నెగ్గితే చాలదని వాళ్లకు ఓడ దిగాక తెలిసింది. హెరాల్డ్ మూడీ అని ఒక జమైకా కుర్రాడు 1904లో లండన్ వచ్చి, మెడిసిన్‌లో బహుమతులు తెచ్చుకుని 1910లో డాక్టరయితే, నల్లడాక్టరు వార్డులో తిరగడానికి ఆసుపత్రి మేట్రన్ ఒప్పుకోలేదని ఉద్యోగం ఇవ్వలేదు. పెకమ్‌లో సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్నాడు. లండన్‌లో తలదాచుకోవడానికి గది దొరకని ఆఫ్రికా, వెస్టిండీస్ పిల్లలకు ఆయన ఇల్లే సత్రమైంది. 1931లో నల్లవాళ్ల హక్కుల కోసం ఒక సంఘం పెట్టి, దేశమంతా తిరిగి, నల్లపిల్లల్ని నర్సు ట్రైనింగుకు తీసుకోని ఆసుపత్రులతో పోట్లాడాడు. ఆ కయ్యాలు ఎవరో ఒకరు పెట్టుకోకపోతే నువ్వు ఇవాళ ఆ నీలం యూనిఫాం కోసం పరీక్ష రాసేదానివే కాదు.

ఇక యుద్ధం అయ్యాక సంగతి. 1948 జూన్ 22న ఎంపైర్ విండ్‌రష్ అనే ఓడలోంచి కొన్ని వందల మంది వెస్టిండీస్‌వాళ్లు టిల్బరీ రేవులో దిగారు. రెండు వారాలైనా తిరక్కుండా, జూలై 5న, నువ్వు పనిచేస్తున్న ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది. ఆసుపత్రులకు మనుషులు చాలక, దీవుల్లోనే ఎంపికలు పెట్టి ఆడపిల్లల్ని నర్సు ట్రైనింగుకు తీసుకొచ్చారు. అప్పట్లో నర్సు చదువు రెండు రకాలు. మూడేళ్లది పూర్తి నర్సు, రెండేళ్లది కింది నర్సు, ఎస్‌ఈఎన్ అనేవాళ్లు. మంచి మార్కులతో వచ్చిన ఆడపిల్లల్ని కూడా ఎంతోమందిని తేడా చెప్పకుండా ఆ రెండేళ్ల కోర్సులో వేశారు. ఆ సర్టిఫికెట్టుతో వార్డు సిస్టరయ్యే దారి లేదు, వెనక్కి పోదామంటే సొంత దేశంలో దానికి గుర్తింపూ లేదు. రాత్రి డ్యూటీలు, ముసలివాళ్ల వార్డులు, మతిస్థిమితం లేనివాళ్ల ఆసుపత్రులు వాళ్ల వాటాకు వచ్చాయి. ‘నీ నల్లచేతులతో నన్ను ముట్టుకోకు’ అన్న రోగికి వాళ్లు ఆ చేతులతోనే దుప్పటి సర్దారు. మీ సిస్టరమ్మ వాళ్లమ్మ ఏ కోర్సులో పడిందో, ఎన్నేళ్లకు బయటపడిందో అడుగు. కూతురు ఇవాళ సిస్టరు కుర్చీలో కూర్చోవడానికి ఒక తరం పట్టింది, నీకు కొద్ది నెలలు.

నీ బాధ చిన్నదని చెప్పడానికి ఇది రాయడం లేదు అమ్మడూ. చేతిలో పని ఉండి చేయనివ్వకపోవడం ఎంత కుతకుతలాడిస్తుందో నాకు తెలుసు. కానీ ఆ కుతకుతతో వాళ్లేం చేశారో చూడు. గయానాలో అమ్మమ్మ దగ్గర పెరిగిన బెరిల్ గిల్‌రాయ్ అని ఒకావిడ, జార్జ్‌టౌన్‌లో టీచరు ట్రైనింగ్ ఫస్ట్ క్లాసులో పాసై, 1950ల మొదట్లో లండన్ వస్తే, ఏ బడీ తీసుకోలేదు. గిన్నెలు కడిగింది, ఇంట్లో పనిమనిషిగా చేసింది. చివరికి బళ్లో అడుగుపెట్టి, 1969లో హెడ్‌మిస్ట్రెస్ అయ్యింది. ఆవిడ దేశంవాడే బ్రెయిత్‌వేట్, యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి, ఫిజిక్స్ చదువుకుని, ఇంజనీరు ఉద్యోగానికి పోతే, కాగితం మీద అన్నీ బాగానే ఉండి మనిషిని చూసేసరికి ఖాళీ లేదనేవాళ్లు. తప్పనిసరై ఈస్ట్ ఎండ్‌లో పేదల బడిలో టీచరయ్యాడు. ఎవరూ లెక్కచేయని ఆ మొండిపిల్లల్ని పెద్దమనుషుల్లా పలకరించి పాఠం చెప్పాడు, ఆ అనుభవమే ‘టు సర్, విత్ లవ్’ పుస్తకమైంది, సినిమా అయ్యింది. ఆ సినిమా మీ తాతయ్యా నేనూ విజయవాడలో చూశాం, ఇంటికొచ్చేదాకా ఆయన మాట్లాడలేదు.

కెనడాకు వెళ్లినవాళ్ల కథ ఇంకొంచెం కష్టం. 1955లో కెనడా ఒక పథకం పెట్టింది, పెళ్లికాని ఆడపిల్లలు ఏడాదిపాటు ఇళ్లల్లో పనిమనిషిగా చేస్తే అక్కడే ఉండిపోవచ్చని. అలా జమైకా నుంచీ బార్బడోస్ నుంచీ వెళ్లినవాళ్లలో టీచర్లున్నారు, గుమాస్తాలున్నారు, నర్సులున్నారు. దీవిలో తమ బట్టలు ఇంకొకరు ఉతికిపెట్టే హోదాలో ఉన్నవాళ్లు అక్కడ ఒకరి నేల తుడిచారు. గ్రెనడాలో టీచరుగా ఉన్న జీన్ ఆగస్టీన్ 1960లో అలాగే వెళ్లింది. పనిమనిషి ఏడాది ముగించి, మళ్లీ చదివి, టీచరై, ప్రిన్సిపాలై, 1993లో కెనడా పార్లమెంటుకు ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ అయ్యింది. పార్లమెంటు దాకా పోయినవాళ్లు ఏ ఒక్కరో. మిగిలినవాళ్లు టొరంటోలో, మాంట్రియల్‌లో నర్సులై, టైపిస్టులై, ఇంటికి డబ్బు పంపి, చెల్లెళ్లను పిలిపించుకుని, పేరు లేకుండానే నిలబడ్డారు. వాళ్లలో చాలామందికి ఆ ఏడాది గురించి పిల్లలతో చెప్పుకోవడం కూడా ఇష్టముండేది కాదేమో. నువ్వు మాత్రం ఈ బ్యాండ్ ఫోర్ నెలల్ని దాచుకోకు. వంటి మీద ఏ యూనిఫాం ఉన్నా, మంచం మీది ముసలాయనకు నోరు తుడిచి, కళ్లజోడు చేతికందేచోట పెట్టి వచ్చే నా మనవరాలు అదే మనవరాలు. చిన్నప్పుడు తాతయ్యకు జ్వరమొస్తే మంచినీళ్ల గ్లాసు మీద మూత పెట్టి, ఆ మూత మీద మాత్ర పెట్టి తెచ్చేదానివి.

ఇప్పుడు ఆ గది సంగతి. 1943లో లియరీ కాన్‌స్టన్‌టైన్, అప్పటికే ప్రపంచమంతా ఎరిగిన ట్రినిడాడ్ క్రికెటర్, లార్డ్స్‌లో మ్యాచ్ ఆడటానికి వచ్చి భార్యతో కూతురితో లండన్‌లో హోటల్లో దిగితే, నల్లవాళ్లుంటే మిగతా అతిథులు ఒప్పుకోరని బయటికి పొమ్మన్నారు. కోర్టుకెళ్లి నెగ్గాడు, వచ్చిన నష్టపరిహారం ఐదు గినీలు. తర్వాత యాభై ఏళ్లు దాటాక ప్లీడరయ్యాడు, 1969లో ప్రభువుల సభలో కూర్చున్నాడు. అంతటివాడికే అలా అయితే నర్సులకూ బస్సు కండక్టర్లకూ గది ఎవరిస్తారు? కిటికీల్లో బోర్డులు పెట్టేవాళ్లు, నల్లవాళ్లకు లేదని. ఒకే గదిలో షిఫ్టుల వారీగా పడుకున్నవాళ్లున్నారు, పగటి డ్యూటీవాడు లేస్తే రాత్రి డ్యూటీవాడు అదే మంచం మీద. బ్యాంకులు అప్పివ్వవు. అప్పుడు వాళ్లు ఏం చేశారో తెలుసా? మన చీటీలే వేసుకున్నారు! జమైకావాళ్లు పార్డ్‌నర్ అంటారు, ట్రినిడాడ్‌వాళ్లు సూసూ అంటారు, బార్బడోస్‌వాళ్లు మీటింగ్ టర్న్ అంటారు. నమ్మకస్తురాలైన ఒకావిడ దగ్గర నోటు పుస్తకం, శుక్రవారం జీతం రాగానే తలా ఇంత ఆవిడ చేతిలో పోయడం, వంతు వచ్చినవాళ్లు మొత్తం తీసుకోవడం. పాట ఉండదు, తరుగు ఉండదు, వంతే. ఆ డబ్బుతో ఓడ టికెట్లు కొన్నారు, ఇళ్లకు అడ్వాన్సులు కట్టారు. పాతబడి ఎవరూ కొనని పెద్ద ఇళ్లు కొని, పైగదులు తమలాగే తోవ తెలియకుండా వచ్చినవాళ్లకు అద్దెకిచ్చారు. మీ అమ్మ చీటీ పాడి నీ ఓఈటీ ఇంగ్లీషు పరీక్ష ఫీజు కట్టిన సంగతి మరిచిపోలేదుగా?

నిన్ను వెళ్లవద్దంటున్న హ్యాండ్స్‌వర్త్ వీధులు అలా నిలబడినవి. ఆ రోజుల్లోనే, 1968 ఏప్రిల్‌లో, మీ బర్మింగ్‌హామ్‌లోనే ఇనాక్ పావెల్ అనే ఎంపీ, వలస వచ్చినవాళ్ల వల్ల దేశం నాశనమవుతుందని విషం కక్కాడు. అంతకు కొన్నేళ్ల ముందు ఆయనే ఆరోగ్యమంత్రి, ఆ వలసవాళ్లే అప్పుడు ఆయన ఆసుపత్రులు నడుపుతున్నారు. ఆ మాటలు వెస్టిండీస్‌వాళ్ల మీద ఎంత పడ్డాయో మన ఇండియావాళ్ల మీదా అంతే పడ్డాయి. అలాంటప్పుడు మన నోటితోనే ‘నల్లవాళ్ల పేట’ అని పక్కకు తప్పుకోవడం నాకు కడుపులో దేవినట్టుంది తల్లీ. రాత్రి డ్యూటీకి ఏ పేటలోనైనా జాగ్రత్తగానే రావాలి, లైట్లున్న దారిలో, తోడుగా నలుగురుంటే మరీ మంచిది, ఆ భయం నాకూ ఉంది, నువ్వు ఇల్లు చేరానని మెసేజ్ పెట్టేదాకా నాకు నిద్ర పట్టదు. కానీ ఆ జాగ్రత్త వేరు, రంగును చూసి మనిషిని తూకం వేయడం వేరు. అమెరికా నాయకురాలు కమలా హారిస్ పేరు వినబడ్డప్పుడల్లా మన టీవీలవాళ్లు తల్లి తరఫు తమిళ పల్లెటూరు చూపించారు, బాగానే ఉంది. తండ్రి డొనాల్డ్ హారిస్ జమైకాలో పుట్టి, బర్కిలీలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో ఎకనామిక్స్ ప్రొఫెసరైనవాడని ఎంతమంది చెప్పారు? నా సబ్జెక్టు మనిషి కాబట్టి ఆయన పేరు నాకు ముందే తెలుసు, అందుకే ఆ మౌనం నాకు ఎక్కువ గుచ్చుకుంది.

పిల్లల తరానికైనా దారి సాఫీగా సాగిందా అంటే అదీ లేదు. లండన్ బళ్లలో వెస్టిండీస్ పిల్లల్ని వాళ్ల మాట యాస చూసి, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల బళ్లకు పంపేసేవాళ్లు. గ్రెనడా నుంచి వచ్చిన బెర్నార్డ్ కోర్డ్ అనే టీచరు 1971లో ఒక చిన్న పుస్తకం రాసి దాన్ని బయటపెట్టాడు. తల్లులు ఊరికే కూర్చోలేదు, శనివారం బళ్లు పెట్టుకున్నారు. చర్చి హాల్లోనో ఎవరి ముందుగదిలోనో బల్లలు వేసి, వారమంతా పనిచేసి అలసిన నర్సులూ టీచర్లూ వచ్చి లెక్కలు, చదువు, తమ చరిత్ర చెప్పేవాళ్లు. పైకి రావడం అంటే ఆ శనివారాలే అని నా నమ్మకం.

ఇంతా చెప్పి, అవతలి ఒడ్డు సంగతి చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. ఆ దీవులు ఇంగ్లండుకీ అమెరికాకీ కెనడాకీ నారుమడులైపోయాయి, నారు పోసి నీళ్లు పెట్టింది వాళ్లు, పీకి నాటుకుని పంట తిన్నది వీళ్లు. గయానా, జమైకా, గ్రెనడాల్లో కాలేజీ చదువు చదివినవాళ్లలో నూటికి ఎనభైమందికి పైగా బయటి దేశాల్లోనే ఉన్నారని, 2000 నాటి లెక్కలు చూసి ఐఎంఎఫ్‌లో పనిచేసిన మన ప్రాచీ మిశ్రా తేల్చింది. ఆ ప్రాంతంలో ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో తయారైన నర్సుల్లో అక్కడే ఉన్నవాళ్లకు మూడు రెట్లు బయట ఉన్నారని ప్రపంచబ్యాంకు 2009లో చెప్పింది. 2001లో న్యూయార్క్ బళ్లకు జమైకా టీచర్లను మూకుమ్మడిగా తీసుకెళితే జమైకాలో క్లాసులకు టీచర్లు కరువై, 2004లో కామన్వెల్త్ దేశాలు ఇలా లాక్కుపోవడానికి హద్దులుండాలని ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. డబ్బు వస్తుంది, నిజమే, ఇప్పుడు జమైకాకు ఏటా మూడు వందల కోట్ల డాలర్లకు పైగా బయట ఉన్నవాళ్లు పంపుతున్నారు. కానీ రాత్రి రెండింటికి నొప్పులు పడుతున్న గర్భిణి దగ్గర ఆ డాలర్లు నిలబడవు.

ఇంకో సంగతి ఉంది, అది నీకు నేను చెప్పనక్కర్లేదు. తల్లి ఫారిన్‌లో నర్సో ఆయో అయితే, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. తల్లి పెద్ద పీపా ఒకటి కొని మూల పెట్టుకుని, నెలల తరబడి అందులో బియ్యం, సబ్బులు, టిన్నులు, గౌన్లు, బడి బూట్లు వేసి నింపి ఓడలో పంపుతుంది. బారెల్ పిల్లలని జమైకాలో వాళ్లకు పేరే పడింది. అది చదివినప్పుడు నాకు మన పక్కింటి పిల్లాడు గుర్తొచ్చాడు, వాళ్లమ్మ కువైట్ వెళ్లాక ముసలమ్మ దగ్గర ఉండేవాడే, వాడికి బూట్లు పంపుతానని వాళ్లమ్మ కొలత అడిగితే, నువ్వు పరికిణీ పైకి దోపుకుని కింద కూర్చుని, న్యూస్‌పేపరు మీద వాడి పాదం పెట్టించి చుట్టూ పెన్సిల్‌తో గీశావు, బొటనవేలి దగ్గర వాడికి గిలిగింతలై కాలు కదిపితే చెరిపి మళ్లీ గీశావు, ‘బూట్లు వచ్చేసరికి పాదం పెరుగుతుంది కదా అమ్మమ్మా’ అని ఆ గీతకు బయటగా ఇంకో గీత గీశావు. అప్పుడు నువ్వు ఆరో క్లాసు. ఆ రెండో గీత చూసిన రోజే నాకు నీ మీద బెంగ తీరిపోయింది.

అయినా ఒక భయం చెబుతాను, ఇది మాత్రం గట్టిగా విను. చిన్నపిల్లలుగా తల్లిదండ్రుల వెంట ఇంగ్లండుకు వచ్చి, యాభై ఏళ్లు పనిచేసి పన్నులు కట్టిన వెస్టిండీస్‌వాళ్లను, ఈ దేశంలో ఉండే హక్కు నీకుందని కాగితం చూపించు అని అడిగి, చూపించలేకపోతే ఉద్యోగాలు తీసేశారు, వైద్యం ఆపారు, కొందరిని విమానం ఎక్కించి పంపేశారు. ఓడ దిగినప్పటి చీటీలను 2010లో ప్రభుత్వమే పారేసింది. 2018లో ఆ గొడవ బయటపడి బ్రిటన్ ప్రధానమంత్రి క్షమాపణ చెప్పింది, కానీ ఆ లోపల కొందరు చనిపోయారు కూడా. అందుకని, నీ వీసా కాగితం, జీతం స్లిప్పులు, అద్దె రసీదులు, ఆసుపత్రివాళ్లు రాసిన ప్రతి ఉత్తరం ఒక ఫైలులో పెట్టు, ఒక కాపీ మీ తమ్ముడికి పంపు. కాగితం విలువ తెలియనిదానివి కాదు, అయినా అమ్మమ్మను కాబట్టి చెబుతున్నాను.

పరీక్షకు ముందు రోజు రాత్రి మేలుకోకు. ఆ పక్కకు జరగమన్న పిల్ల మీద కోపం పెట్టుకోకు, దానికి తెలియని పని రేపు నువ్వే నేర్పాల్సి వస్తుంది. హ్యాండ్స్‌వర్త్ గదిని పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి చూసి రా, వెళ్లేటప్పుడు సిస్టరమ్మను తోడు అడుగు, ఆ వీధులు ఆవిడకు తెలిసినంత మనవాళ్లకు తెలియవు. వాళ్లమ్మ ఉందో లేదో నువ్వు రాయలేదు. ఉంటే ఒక ఆదివారం వెళ్లి కనబడు, కాళ్లకు దండం పెట్టినా తప్పులేదు. కోటుకు థాంక్స్ చెప్పి ఊరుకోవద్దు, పెద్దావిడ దగ్గర కూర్చుని వచ్చిన తొలిరోజుల సంగతులు చెప్పించుకో, విన్నది విన్నట్టు నాకు రాయి. సంక్రాంతికి అరిసెలు రెండు డబ్బాలు పంపిస్తున్నాం, ఒకటి నీకు, ఒకటి వాళ్లింటికి. ఏ అడ్రసుకు పంపాలో ఈ వారంలోనే తెలియజేయి.

ఇట్లు,
నీ అమ్మమ్మ